కరెంటోళ్ళ జీతం: నాలుగేళ్ళ పీఆర్సీనా, సిటీ కాంట్రాక్టా, మెరిట్ పెంపా.. ఏది మేలు?

మన విశాఖలో పెళ్ళి సంబంధాల దగ్గర "అబ్బాయి ఈపీడీసీఎల్‌లో ఏఈ" అంటే చాలు (ఈపీడీసీఎల్ అంటే మన కరెంటు పంపిణీ సంస్థ, ఏఈ అంటే అసిస్టెంట్ ఇంజనీర్), ఇంకేం అడగరు. కానీ ఆ జీతం ఎవరు డిసైడ్ చేస్తారు, ఎప్పుడు పెంచుతారు, ఏ లెక్కన పెంచుతారు అని అడిగి చూడండి, అందులో పనిచేసేవాళ్ళే చాలామంది "పీఆర్సీ వస్తాది, అప్పుడు పెరుగుతాది" అని ఆపేస్తారు, పీఆర్సీ అంటే కొన్నేళ్ళకోసారి జరిగే జీతాల సవరణ. ఇది జీతం తీసుకునేవాళ్ళ గొడవ ఒక్కటే కాదు, ఆ డబ్బు మన బిల్లులోంచే పోతుంది, గాలివాన వచ్చినప్పుడు స్తంభం ఎక్కే మనిషి ఉంటాడా లేదా అన్నది కూడా దీని మీదే ఉంటుంది, అందుకే కొంచెం పొడుగైనా కూర్చుని రాస్తున్నాను.

పోల్చడానికి నేను తీసుకున్నది నగరమే ఓనర్‌గా ఉన్న కరెంటు సంస్థల్ని. అమెరికాలో ఇలాంటి పబ్లిక్ పవర్ సంస్థలు చిన్నా పెద్దా కలిపి రెండు వేల దాకా ఉన్నాయి, ఆస్టిన్‌లో ఉంటున్న మనవాళ్ళలో చాలామంది కట్టే కరెంటు బిల్లు ఆ సిటీకే పోతుంది, లాస్ ఏంజెలెస్, సియాటిల్, శాన్ ఆంటోనియోల్లో కూడా అంతే. మన దేశంలో అయితే ముంబైలో బెస్ట్ అనే సంస్థ ఉంది, కేరళలో త్రిస్సూర్ కార్పొరేషన్ సొంతంగా కరెంటు సప్లై చేస్తుంది. మన విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీకి ఆ బాధ్యత లేదు, మనకి ఓనర్ రాష్ట్ర ప్రభుత్వం.

ముందు మన పద్ధతి. 1999 ఫిబ్రవరి 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏపీఎస్‌ఈబీని కరెంటు తయారీకి జెన్‌కో, పెద్ద లైన్లకి ట్రాన్స్‌కోగా విడగొట్టారు, 2000లో ట్రాన్స్‌కోలోంచి ఇళ్ళకి కరెంటు పంపిణీ చేసే డిస్కంలు వచ్చాయి, అలా వచ్చిందే మన ఈపీడీసీఎల్. హెడ్డాఫీసు సీతమ్మధారలోనే ఉన్నా జీతాల మాట మాత్రం సీతమ్మధారలో తేలదు. ప్రభుత్వం, యాజమాన్యాలు ఒక వైపు, ఉద్యోగ సంఘాల జేఏసీ ఇంకో వైపు విజయవాడలో కూర్చుంటారు, ట్రాన్స్‌కో ఆర్డరు ఇస్తుంది, డిస్కం బోర్డు దాన్ని అడాప్ట్ చేసుకుంటుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకి పీఆర్సీ అయిదేళ్ళకి ఒకసారైతే విద్యుత్ వాళ్ళకి నాలుగేళ్ళకే, 2014, 2018, 2022 ఏప్రిల్ 1 నుంచి అలా లెక్క.

ఇక్కడ చాలామంది తికమకపడేది ఫిట్‌మెంట్ దగ్గర. ఒక లైన్‌మెన్ బేసిక్ 40,000 అనుకుందాం, ధరల పెరుగుదలకి ఇచ్చే కరువు భత్యం, అదే డీఏ, అప్పటికి 30 శాతం అయింది అంటే 12,000, ఫిట్‌మెంట్, అంటే బేసిక్ మీద కలిపే పెంపు, 8 శాతం ఇచ్చారు అంటే 3,200. కొత్త బేసిక్ 55,200. బయటివాళ్ళకి నలభై నుంచి యాభై అయిదుకి ఎగిరినట్టు కనిపిస్తుంది, చుట్టాలు పార్టీ అడుగుతారు. కానీ ఆ 12,000 డీఏ రూపంలో ఆల్రెడీ చేతికి వస్తున్నదే, దాన్ని బేసిక్‌లో కలిపి డీఏని మళ్ళీ సున్నా నుంచి మొదలెడతారు. అంటే నిజంగా పెరిగింది 52,000 మీద 3,200, ఆరు శాతం చిల్లర, అదీ నాలుగేళ్ళకి. ఏటా వచ్చే ఇంక్రిమెంట్ వేరే, ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) కొత్త బేసిక్ మీద ఎంత శాతం ఇస్తారన్నది ఇంకో పేచీ.

అయినా సరే ఈ పద్ధతిలో ఒక బంగారం లాంటి ముక్క ఉంది, అది డీఏ. సిమ్లాలో ఉండే లేబర్ బ్యూరో నెలనెలా ధరల సూచీ ఇస్తుంది, 2016ని 100గా పెట్టుకుని, ఆ ధరలు సేకరించే సెంటర్లలో మన విశాఖ కూడా ఒకటి. ఇక్కడి సంతలో కూరగాయల రేటు పెరిగితే ఆ సూచీలో ఎంతో కొంత కదులుతుంది, దాన్నిబట్టి జనవరికి ఒకసారి జులైకి ఒకసారి డీఏ పెరగాలి, ఎవరూ ఎవర్నీ బతిమాలక్కర్లేదు. పెరగాలి అనే అంటున్నాను ఎందుకంటే కరోనా టైంలో కేంద్రం 2020 జనవరి నుంచి మూడు వాయిదాలు ఆపేసింది, ఫార్ములా ఎంత గట్టిదైనా సంతకం పెట్టే చెయ్యి వేరే వాళ్ళది.

ఇప్పుడు లాస్ ఏంజెలెస్ చూద్దాం. ఎల్‌ఏడీడబ్ల్యూపీ అని నీళ్ళూ కరెంటూ రెండూ ఇచ్చే సంస్థ, అమెరికాలో నగరాల చేతిలో ఉన్నవాటిలో అదే పెద్దది. అక్కడ ఎక్కువమంది ఉద్యోగులు ఐబీఈడబ్ల్యూ లోకల్ 18 అనే యూనియన్ కింద ఉంటారు. యూనియన్‌కీ సిటీకీ ఒప్పందం కుదురుతుంది, ఎన్నేళ్ళకి, ఏ ఏడాది ఎంత శాతం, అన్నీ అందులోనే రాసి ఉంటాయి, సిటీ కౌన్సిల్ ఓటేసి ఆమోదించాలి. కౌన్సిల్‌ని ఎన్నుకునేది ఆ బిల్లులు కట్టే జనమే. అందుకే అక్కడ కరెంటోళ్ళ జీతం మేయర్ ఎన్నికల్లో పెద్ద టాపిక్ అయిపోతుంది. 2013లో ఆ యూనియన్ ఒక అభ్యర్థి వైపు గట్టిగా డబ్బు పెట్టింది, ఆవిడ ఓడిపోయింది, గెలిచిన మేయర్ వచ్చీ రాగానే మూడేళ్ళ పాటు పెంపు లేని ఒప్పందం చేయించాడు. మిగతా టైములో ఆ సంస్థవాళ్ళకి అదే సిటీలో వేరే డిపార్ట్‌మెంట్లలో అదే పని చేసేవాళ్ళకన్నా ఎక్కువ జీతాలు వస్తున్నాయని గొడవలు జరుగుతూనే ఉంటాయి. ఓనర్ దగ్గరగా ఉంటే మంచీ చెడూ రెండూ త్వరగా తగులుతాయన్నమాట.

ఇంకో తేడా, లాస్ ఏంజెలెస్‌లో ఉద్యోగుల జీతాలు, ఓవర్‌టైంతో సహా, సిటీ కంట్రోలర్ పబ్లిక్‌గా పెట్టేస్తారు, ఎవరైనా చూసుకోవచ్చు. మన దగ్గర ఉద్యోగుల ఖర్చు మొత్తం ఒక పద్దుగా కరెంటు రేట్లు తేల్చే రాష్ట్ర నియంత్రణ మండలి ఏపీఈఆర్‌సీ ముందుకి వస్తుంది, బహిరంగ విచారణలో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు, ఆ ఖర్చు ఒప్పుకుంటే టారిఫ్‌లోకి ఎక్కుతుంది. కానీ జీతం ఎంత పెంచాలి అన్న నిర్ణయం ఒక చోట, దాన్ని బిల్లులో ఎంత వేయాలి అన్నది ఇంకో చోట, మధ్యలో గాజువాకలో బిల్లు కట్టేవాడికి ఎవర్ని అడగాలో తెలీదు. ఈ విషయంలో నాకు వాళ్ళ పద్ధతే నచ్చింది, నిర్ణయం తీసుకున్నవాళ్ళ పేర్లు, ఓట్లు రికార్డులో ఉంటాయి.

ఒప్పందాల్లో ఒక ప్రమాదం కూడా ఉంది. ఏడాదికి 3 శాతం అని అయిదేళ్ళకి సంతకం పెట్టేశారనుకోండి, అమెరికాలో 2022 జూన్‌లో ధరల పెరుగుదల 9.1 శాతం అయింది, అప్పుడు ఆ మూడు శాతం ఏం మూలకి వస్తుంది? కొన్ని నగరాల్లో అందుకే పెంపుని ధరల సూచీకి కట్టి, కింద ఇంతకి తగ్గకూడదు పైన ఇంతకి మించకూడదు అని హద్దులు పెట్టుకుంటారు. పైన హద్దు లేని మన డీఏ ఈ ఒక్క విషయంలో వాళ్ళకన్నా చాలా మేలు, దీన్ని మనవాళ్ళు తక్కువగా చూస్తారు గానీ ఇది పోరాడి సంపాదించుకున్నది, వదులుకోకూడనిది.

మూడోది టెక్సాస్ రకం. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం పోలీసు, ఫైర్ లాంటి కొన్ని మినహాయింపుల్ని పక్కన పెడితే ప్రభుత్వ ఉద్యోగుల యూనియన్‌తో జీతాల ఒప్పందం చేసుకోవడం మామూలుగా కుదరదు. ఆస్టిన్‌లో అయినా శాన్ ఆంటోనియోలో అయినా జీతం ఎంత అన్నది పైవాళ్ళు బడ్జెట్ చూసుకుని, చుట్టుపక్కల సంస్థలు ఏం ఇస్తున్నాయో మార్కెట్ సర్వే చేసి తేల్చాల్సిందే. పైగా శాన్ ఆంటోనియోలో సీపీఎస్ ఎనర్జీ తన ఆదాయంలో 14 శాతం వరకూ నగరానికి ఇస్తుంది, అంటే ఉద్యోగికి పెంచే ప్రతి డాలరూ పార్కులకీ రోడ్లకీ వెళ్ళే డబ్బుతో పోటీ పడాలి. ఇలాంటి చోట్ల "బాగా పనిచేసినవాడికి ఎక్కువ పెంపు" అనే మెరిట్ పద్ధతికి గిరాకీ ఎక్కువ, వినడానికి ఇదే అందరికీ న్యాయంగా అనిపిస్తుంది, ఐటీ నుంచి వచ్చిన మన కుర్రాళ్ళు కూడా "అప్రైజల్ పెట్టండి, అప్పుడు పనిచేస్తారు" అంటుంటారు.

నేను ఒప్పుకోను. లైన్ మీద పని ఎలా జరుగుతుందో దగ్గర్నుంచి చూస్తే మీరూ ఒప్పుకోరు. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ ఎల్సీ, అంటే లైన్ మీద పనికి అనుమతి, ఇవ్వాలి, ఫీడర్ ఆఫ్ చేసి బోర్డు తగిలించాలి, స్తంభం మీద లైన్‌ని విడదీసే ఏబీ స్విచ్ ఓపెన్ చేశాక మూడు బ్లేళ్ళూ విడిపోయాయా లేదా కింద నుంచి కళ్ళతో చూడాలి, డిశ్చార్జ్ రాడ్ తగిలించి ఎర్త్ చేయాలి, అప్పుడు ఒకడు పైకెక్కుతాడు ఇంకొకడు కింద నిలబడి తాడు మీద సామాను అందిస్తాడు, చుట్టుపక్కల ఇన్వర్టరో జనరేటరో వెనక్కి కొడుతుందేమో అని భయం ఎప్పుడూ ఉంటుంది. ఇందులో ఎవరి మెరిట్ ఎంత? తొందరగా సప్లై ఇచ్చినవాడికి మార్కులు వేస్తే ఎర్త్ వేయకుండా ఎక్కేవాడే టాపర్ అవుతాడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు ఊరంతా స్తంభాలు పడిపోయి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం, బయట జిల్లాల నుంచి కూడా సిబ్బంది వచ్చి పనిచేశారు, ఆ పనిని మనిషి మనిషికీ విడదీసి రేటింగ్ ఇవ్వగల ఆఫీసర్ ఎవరున్నారు?

పై స్థాయిలో బోనస్ పథకాలు ఎలా పోతాయో కూడా ఒక కేసు ఉంది. ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ నగరానికి జేఈఏ అని కరెంటు సంస్థ ఉంది. 2019లో అక్కడ సంస్థ విలువ పెరిగితే లాభం వచ్చే యూనిట్లు (కరెంటు యూనిట్లు కాదు, షేర్ల లాంటివి) ఉద్యోగులు కొనుక్కునే ఒక ఇన్సెంటివ్ ప్లాన్ పెట్టారు, అదే టైములో సంస్థని ప్రైవేటుకి అమ్మే ప్రయత్నం నడుస్తోంది, అమ్మకం జరిగితే ఆ ప్లాన్ కింద వందల మిలియన్ల డాలర్లు పంచాల్సి వచ్చేదని కౌన్సిల్ ఆడిటర్ లెక్క తీశాక అంతా ఆగింది, సీఈఓ పదవి పోయింది, 2024లో ఫెడరల్ కోర్టులో దోషిగా తేలాడు. స్టీల్ ప్లాంట్ అమ్మకం మాట ఏళ్ళ తరబడి వింటున్న విశాఖవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

మార్కెట్ సర్వే సంగతి మాత్రం వేరుగా చూడాలి. అమెరికాలో పక్క ఊరి సంస్థ ఎక్కువిస్తే లైన్‌మెన్ అటు వెళ్ళిపోతాడు, కాబట్టి సర్వే జీతాన్ని పైకి లాగుతుంది. మన దగ్గర శ్రీకాకుళం నుంచి ఏలూరు దాకా డిస్కం ఒక్కటే, లైన్‌మెన్‌కి ఇంకో కొనేవాడు కాంట్రాక్టరే. కాబట్టి ఇక్కడ "మార్కెట్ రేటు" అంటే కాంట్రాక్టరు ఇచ్చే కూలి, సర్వే చేస్తే జీతం కిందకే పోతుంది. ఇంజనీర్లకి అలా కాదు, హెచ్‌పీసీఎల్, పరవాడ దగ్గర సింహాద్రి ఎన్టీపీసీ కళ్ళెదురుగా ఉన్నాయి, గేట్ లాంటి పోటీ పరీక్షలు రాసి వెళ్ళిపోతారు, ఏఈల స్కేలు పెట్టేటప్పుడు ఆ పోలిక చూడాల్సిందే.

ముంబై బెస్ట్ గురించి తక్కువలో చెప్తాను. ఒకే సంస్థలో బస్సులూ కరెంటూ ఉన్నాయి, కరెంటులో మిగిలింది బస్సుల నష్టానికి పోయేది. 2019 జనవరిలో తొమ్మిది రోజులు సమ్మె జరిగింది, బెస్ట్ బడ్జెట్‌ని కార్పొరేషన్ బడ్జెట్‌లో కలపాలని, 2007 తర్వాత చేరినవాళ్ళకి కూడా పాతవాళ్ళలాగే జీతం ఇవ్వాలని. అంటే సిటీ ఓనర్ అయినంత మాత్రాన జీతానికి గ్యారంటీ ఏం లేదు.

ఆ రెండో డిమాండ్ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఏ పద్ధతి తీసుకున్నా చివరికి దెబ్బ పడేది కొత్తగా చేరినవాడి మీదే. లాస్ ఏంజెలెస్ 2013 ఒప్పందంలో కొత్తవాళ్ళ పెన్షన్ తగ్గించారు. మన దగ్గర 1999 ఫిబ్రవరి 1కి ముందు చేరితే పెన్షన్, తర్వాత చేరితే ఈపీఎఫ్. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకి తీసుకున్న ఎనర్జీ అసిస్టెంట్లు పేరుకి జూనియర్ లైన్‌మెన్ (జేఎల్‌ఎం) గ్రేడ్ 2, ఎక్కేది అదే స్తంభం, రెండేళ్ళ ప్రొబేషన్‌లో చేతికొచ్చింది నెలకి 15,000. వాళ్ళ కింద కాంట్రాక్ట్ వాళ్ళు, సబ్‌స్టేషన్లలో షిఫ్ట్ చేసేవాళ్ళు. ఈ కాంట్రాక్ట్ వాళ్ళకి పీఆర్సీ అంటే పేపర్లో చదివే వార్త. తెలంగాణ 2017లో ఇలాంటి వాళ్ళని ఆర్టిజన్లు అనే పేరుతో సంస్థల్లోకి తీసుకుంది, ఇక్కడ అది ఇంకా డిమాండ్‌గానే ఉంది.

మరి ఏది మేలు అంటే నా ఓటు కలగలుపుకే, కానీ ఏది ఎక్కడ నుంచి తీసుకోవాలో క్లియర్‌గా చెప్తాను. డీఏ మనదే ఉండాలి, ముట్టుకోకూడదు. ఒప్పందం మాత్రం లాస్ ఏంజెలెస్ లాగా పాతది అయిపోయే తారీఖుకి ముందే కొత్తది టేబుల్ మీదకి రావాలి. 2022 ఏప్రిల్ నుంచి రావాల్సిన పీఆర్సీ సమ్మె నోటీసు ఇచ్చాక 2023 ఆగస్టులో గానీ తేలలేదు, పదహారు నెలలు. లెక్క ప్రకారం తర్వాతది 2026 ఏప్రిల్ 1 నుంచి, తారీఖు దాటితే ఆ నెల నుంచే మధ్యంతర భృతి తనంతట తనే మొదలవ్వాలని ఒప్పందంలో రాయించుకుంటే అరియర్స్ గొడవ సగం తగ్గుతుంది. మెరిట్ లైన్ స్టాఫ్‌కి వద్దు.

కాంట్రాక్ట్ కుర్రాళ్ళ కోసం అయితే అమెరికా నుంచి తెచ్చుకోవాల్సింది అప్రెంటిస్ పద్ధతి. అక్కడ లైన్ పనికి చేరినవాడికి మొదటి రోజు నుంచే పూర్తి లైన్‌మెన్ రేటులో ఇంత శాతం అని రాసి ఉంటుంది, ట్రైనింగ్ గంటలు పూర్తయ్యే కొద్దీ ఆ శాతం పెరుగుతుంది, సుమారు నాలుగేళ్ళకి పూర్తి రేటు, పూర్తి లైన్‌మెన్ హోదా. పైవాడి రేటు పెరిగితే కిందవాడిదీ ఆటోమేటిక్‌గా పెరుగుతుంది. ఇక్కడ ఏళ్ళ తరబడి సబ్‌స్టేషన్‌లో షిఫ్టులు చేస్తున్న కుర్రాడి జీతాన్ని రెగ్యులర్ ఆపరేటర్ బేసిక్‌లో ఇంత శాతం అని కట్టేస్తే, వచ్చే పీఆర్సీలో అతని కోసం వేరే ధర్నా చేయక్కర్లేదు, జేఏసీ బేరమాడే ప్రతి ఫిట్‌మెంట్ అతని చేతికీ వస్తుంది.