కొత్త ప్లాంటెడ్ ట్యాంక్ కంపుకి ప్యూరిజెన్: ఏ వాసన పోయింది, ఏది పోలేదు

ముందే చెప్పేస్తాను, సీకెమ్ కంపెనీ వాళ్ల ప్యూరిజెన్, అంటే నీళ్లు శుభ్రం చేయడానికి ఫిల్టర్‌లో పెట్టే గింజల సంచీ, మంచి సరుకే, డబ్బు దండగ కాదు. కానీ కొత్తగా పెట్టిన మొక్కల ట్యాంక్ (మొక్కలు పెంచే అక్వేరియం) కంపు కొడుతోందని పరిగెత్తుకెళ్లి మొట్టమొదట కొనాల్సిన వస్తువు ఇది కాదు. షాపులో "అన్నా, ట్యాంక్ వాసనొస్తోంది" అంటే చాలు, ఇదో లేకపోతే వాసన పీల్చే బొగ్గు, అదే కార్బన్ ప్యాకెట్టో చేతిలో పెట్టేస్తారు. ఏ వాసన అని ఒక్కరూ అడగరు, అసలు తేడా అంతా అక్కడే ఉంది.

నాది రెండడుగుల ట్యాంక్, 2×1×1, అంచుదాకా నింపినా 56 లీటర్లే. అడుగున పోషకాలు దట్టించిన నల్ల ఆక్వా సాయిల్ (అక్వేరియం మట్టి), మధ్యలో పెద్ద డ్రిఫ్ట్‌వుడ్ (అలంకరణకి పెట్టే ఎండు మొద్దు) ముక్క, క్రిప్టోకోరైన్, రొటాలా, కాస్త జావా ఫెర్న్ మొక్కలు, వెనకాల తగిలించే హ్యాంగాన్ ఫిల్టర్. చేపలు వేయకముందే మొదలైంది కంపు. "చేపలే లేవు కదరా, ఈ నీచు వాసన ఎక్కడిది?" అని మా అమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

ఆరోగ్యంగా ఉన్న ట్యాంక్‌కీ వాసన ఉంటుంది, కాకపోతే అది తొలకరి వాన పడ్డప్పటి మట్టి వాసనలా లేతగా, మూత తీసి ముక్కు దగ్గర పెడితే తప్ప తెలియకుండా ఉంటుంది. దాన్ని వదిలేయండి. ఘాటుగా ముక్కులోకి కొట్టేది అమ్మోనియా. పోషకాలున్న సాయిల్ మొదటి వారాల్లో దీన్ని నీళ్లలోకి వదులుతుంది, దాన్ని తినే బ్యాక్టీరియా ఇంకా తయారై ఉండదు, అది కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు మామూలే. మన బోరు నీళ్లలాగా పీహెచ్ ఎక్కువున్న నీళ్లయితే ఈ ఘాటు ఇంకాస్త పెరుగుతుంది. కుళ్ళిన కూరగాయల వాసన వస్తోందంటే ఆకులు కరిగిపోతున్నాయన్నమాట. నర్సరీల్లో ఈ మొక్కల్ని చాలావరకు నీళ్ల పైన, గాలిలోనే పెంచుతారు, మన ట్యాంక్‌లో ముంచగానే పాత ఆకులు జావైపోతాయి, క్రిప్టోకోరైన్ అయితే మరీను. మొక్క చచ్చిందని పీకి పారేయకండి, వేరు గట్టిగా ఉంటే కొత్త ఆకులు వస్తాయి. డ్రిఫ్ట్‌వుడ్ మీద తెల్లగా జిగురులా పట్టేదానికీ ఓ పాచి వాసన ఉంటుంది, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది గానీ దానంతటదే పోతుంది. నీలి పచ్చగా దుప్పటిలా పరుచుకుని, గోకితే పొరలు పొరలుగా ఊడొచ్చే పాకుడుది మాత్రం వేరే రకం ముక్కిన వాసన. అది మామూలు నాచు కాదు, సైనోబ్యాక్టీరియా. ఇక కుళ్ళిన గుడ్డు వాసన వచ్చిందంటే మట్టి అడుగున గాలాడక హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతోందని అర్థం, చేపలున్న ట్యాంక్‌లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇన్ని వాసనల్లో ప్యూరిజెన్ ఏం చేస్తుంది? ఇది మీగడ రంగులో సన్నటి గింజల్లా ఉండే సింథటిక్ రెసిన్. నీళ్లలో కరిగిపోయిన సేంద్రియ వ్యర్థాల్ని, అంటే కరిగిన ఆకుల రసం, మిగిలిపోయిన మేత, చేపల మలం ఇలాంటివాటి నుంచి వచ్చే నత్రజని సరుకుని పట్టుకుంటుంది. అవి అమ్మోనియాగా మారకముందే తీసేస్తుంది కాబట్టి అమ్మోనియా తగ్గుతుందని కంపెనీ అంటుంది, అందులో అబద్ధం లేదు. కానీ సాయిల్ నుంచి నేరుగా ఊరుతున్న అమ్మోనియాని ఇది పట్టుకోదు. అందుకే నా ట్యాంక్‌లో ఘాటు వాసన మీద దీని ప్రభావం దాదాపు సున్నా, అది తగ్గింది నీళ్లు మార్చడం వల్లే. మొదటి వారమంతా రోజూ సగం నీళ్లు, తర్వాత రోజు విడిచి రోజు, ఆపైన వారానికి రెండుసార్లు. విసుగే, కానీ దీనికి షార్ట్‌కట్ లేదు. మున్సిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు మర్చిపోవద్దు, క్లోరిన్ తగిలితే అప్పుడప్పుడే పుడుతున్న బ్యాక్టీరియా కాస్తా పోయి లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ప్యూరిజెన్ సత్తా తెలిసింది మిగతా చోట్ల. కరిగిన ఆకుల్ని కత్తెరతో తీసేసి, సాయిల్ మీద పేరుకున్న చెత్తని సైఫన్ పైపుతో లాగేసి, అప్పుడు ప్యూరిజెన్ సంచీ ఫిల్టర్‌లో పెట్టాను. డ్రిఫ్ట్‌వుడ్ వదిలిన టీ రంగు పోయింది, నీళ్లు ఉన్నాయా లేవా అన్నంత తేటగా అయ్యాయి, ఆ నీచు వాసన కూడా వదిలింది. నీళ్లు తేటపడటం నేను కార్బన్‌తోనూ చూశాను గానీ ఇంత కాదు. కార్బన్ చవక, వాసన మీద మొదట బాగా పనిచేస్తుంది, కాకపోతే కొన్ని వారాలకి నిండిపోతుంది, నిండిందో లేదో చూసి చెప్పలేం, తీసి పారేసి కొత్తది వేయాల్సిందే. ప్యూరిజెన్ అయితే మీగడ రంగు నుంచి కాఫీ రంగుకి, ఆ తర్వాత ముదురు గోధుమ రంగుకి మారుతుంది, చూడగానే తెలిసిపోతుంది.

పైగా కడిగి మళ్లీ వాడుకోవచ్చు. నా దృష్టిలో ధరకి న్యాయం చేసేది ఇదొక్కటే, లేకపోతే కార్బన్‌తో పోలిస్తే ఇది బాగా ఖరీదు. సువాసన కలపని మామూలు బ్లీచ్, నీళ్లు సమపాళ్లలో కలిపి, ప్లాస్టిక్ డబ్బాలో 24 గంటలు నానబెట్టాలి, మెటల్ గిన్నె వాడొద్దు. తెల్లబడ్డాక బాగా జాడించి, యాంటీ క్లోరిన్ ఎక్కువ మోతాదులో వేసిన నీళ్లలో ఇంకో ఎనిమిది గంటలు ఉంచాలి. బ్లీచ్ వాసన పిసరంత వచ్చినా ట్యాంక్‌లో పెట్టకండి. మన దగ్గర దొరికే బ్లీచ్ కాస్త పలచనగా ఉంటుంది కాబట్టి పూర్తిగా తెల్లబడకపోవచ్చు, కంగారు అక్కర్లేదు. ఈ పని గాలి వచ్చే బాల్కనీలో చేయండి, బాత్రూం కడిగే యాసిడ్ దరిదాపుల్లో కూడా ఉండకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ జాగ్రత్త. నిజం చెప్పాలంటే ఈ తతంగం అందరికీ నచ్చదు, నచ్చనివాళ్లు కార్బన్‌తో సరిపెట్టుకోవడమే మేలు.

ఇంకో మెలిక కూడా ఉంది. చేపల ఒంటిమీద జిగురు పొర పెంచుతామని చెప్పే, నీళ్లలో కలిపే కండిషనర్లు కొన్ని ఈ గింజల్ని శాశ్వతంగా పూడ్చేస్తాయి, ఇక బ్లీచ్‌లో వేసినా తిరిగి రావు. సీసా మీద ఏం రాసుందో చదివి వాడండి.

గుడ్డు వాసన సంగతికొస్తే, దీనికి ప్యూరిజెనూ పనికిరాదు, కార్బనూ పనికిరాదు. మూలం మట్టిలో ఉంటే ఫిల్టర్‌లో ఏం పెట్టి ఏం లాభం? సన్న ఇసుకని మూడు నాలుగు అంగుళాలు పరిచి, దాని కింద ఎరువు మాత్రలు గుచ్చినవాళ్లకి ఇది ఎక్కువ. సన్న పుల్లతో ఒక్కో మూలా మెల్లగా గుచ్చి బుడగలు వదలాలి, అంతా ఒకేరోజు కెలికితే చేపలకి ప్రాణం మీదికొస్తుంది, ఆ సమయంలో ఎయిర్ పంపు ఆన్‌లో ఉండాలి. వేళ్లు బాగా పట్టే మొక్కలు, మట్టిలో దూరి తిరిగే మలేషియన్ ట్రంపెట్ నత్తలు ఉంటే ఈ బాధ తక్కువ. ఎండాకాలంలో కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లలో ఇంకోటి కూడా చూసుకోవాలి, ఆగిపోయిన క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంక్ బయట ఉండే మూసిన డబ్బా ఫిల్టర్) లోపలే ఇదే గబ్బు తయారవుతుంది. కరెంటు రాగానే స్విచ్ వేయకుండా, ముందు అందులోని నీళ్లు పారబోసి, ట్యాంక్ నీళ్లతోనే స్పాంజ్ జాడించి ఆపైన ఆన్ చేయండి.

అన్నట్టు, వాసన పోగొట్టే లిక్విడ్ అని ఒక సీసా కూడా కొన్నాను, పేరెందుకులెండి. రెండు మూతలు పోస్తే నిమ్మకాయ సబ్బు వాసన, కింద యథావిధిగా మురుగు వాసన, రెండూ కలిసి హాల్లో కూర్చోనీయలేదు. దానికి ఒక్క స్టార్ కూడా ఎక్కువే.

ప్యూరిజెన్‌కి నేనిచ్చేది ఐదుకి నాలుగు. కొనేవాళ్లు సంచీలో నింపి వచ్చే 100 మిల్లీలీటర్లదే తీసుకోండి, అది 400 లీటర్ల దాకా సరిపోతుందని కంపెనీ లెక్క, రెండడుగుల ట్యాంక్‌కి ఎక్కువే, ఎక్కువైనా నష్టం లేదు. డబ్బాలో విడి గింజలు వచ్చేది కొంటే మామూలు మెష్ సంచీలోంచి జారిపోయి ట్యాంకంతా పరుచుకుంటాయి, దానికి తగ్గ సన్న సంచీ వేరే కొనాలి. ఫిల్టర్‌లో స్పాంజ్ తర్వాతే పెట్టండి, ముందు పెడితే చెత్త పట్టి తొందరగా మూసుకుపోతుంది. కొందరు షాపువాళ్లు పొట్లం కట్టి గ్రాముల లెక్కన అమ్ముతున్నారు, ముందెవరైనా వాడి బ్లీచ్ చేసిందో, కొత్తదో చూసి చెప్పడం కష్టం, వందో రెండొందలో మిగులుతాయని దాని జోలికి పోకండి.