నిద్రలో వచ్చిన పక్షవాతం, గుంటూరు ఆసుపత్రిలో ఎమ్మారై

నాన్న రాత్రి పదింటికి బాగానే పడుకున్నారు. తెల్లవారుజామున 5 గంటలకు అమ్మని పిలవబోతే మాట ముద్దగా వచ్చింది. మూతి ఓ పక్కకి లాగేసింది, కుడి చెయ్యి లేవలేదు. తెనాలిలో దగ్గరున్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్తే సీటీ స్కాన్ తీశారు. మెదడులో రక్తస్రావం లేదన్నారు. కానీ మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, పడుకున్నప్పటి నుంచి లెక్కేస్తే ఏడు గంటలు దాటింది, ఇక చేసేదేం లేదన్నారు. ఎమ్మారై ఉన్న చోటికి వెళ్లండి అని ఆ ఒక్క మాట చెప్పలేదు. ఆ బాధ నాకింకా పోలేదు. మా బావ ఫోన్‌లో గట్టిగా చెప్పబట్టి కారెక్కించాం.

గుంటూరు ఆసుపత్రికి చేరేసరికి 6:40. డిపాజిట్ తర్వాత కట్టొచ్చని నేరుగా ఎమ్మారైకి తీసుకెళ్లారు. గుండెకి పేస్‌మేకర్ ఉందా అని అమ్మని రెండుసార్లు అడిగారు. న్యూరాలజిస్టు గారు నన్ను లోపలికి పిలిచి తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన చూపించారు. డిఫ్యూజన్ అనే బొమ్మలో మెదడు ఎడమవైపు తెల్లటి మచ్చ ఉంది. ఫ్లెయిర్ అనే రెండోదాంట్లో అదే చోట ఏమీ లేదు. దెబ్బ మొదటిదాంట్లో నిమిషాల్లోనే కనబడుతుందట, రెండోదాంట్లో తేలడానికి కొన్ని గంటలు పడుతుందట. "అంటే ఇది వచ్చి ఎక్కువసేపు కాలేదమ్మా, తెల్లవారుజామునే వచ్చి ఉంటుంది" అన్నారు. ఇలా నిద్రలో స్ట్రోక్ వచ్చినవాళ్లకి ఎమ్మారై చూసి ఇంజెక్షన్ ఇస్తే మేలని యూరప్‌లో చేసిన పరిశోధన 2018లో వచ్చిందని చెప్పారు. మెదడులో రక్తం కారే ప్రమాదం ఉందని కూడా దాచకుండా చెప్పాకే సంతకం తీసుకున్నారు. నా చెయ్యి వణికింది. 7:25కి బరువు చూసి మందు ఎక్కించారు.

సాయంత్రానికి వేళ్లు కదిలాయి. మూడో రోజు నన్ను పేరు పెట్టి పిలిచారు.

ఇబ్బందీ ఉంది. ఐసీయూలో ఉన్న రెండు రోజులూ ఎలా ఉన్నారో చెప్పే మనిషి లేక టెన్షన్‌తో చచ్చాం. ఫిజియోథెరపీ గురించి డిశ్చార్జి రోజు దాకా ఎవరూ మాట్లాడలేదు.

ఎవరికైనా ఇలా జరిగితే లేచిన టైమ్ ఒక్కటే కాదు, ఆఖరుసారి బాగా మాట్లాడిన టైమ్ కూడా డాక్టరుకి చెప్పండి. మీ ఊళ్లో అర్ధరాత్రి కూడా ఎమ్మారై తీసే ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. నాన్న ఇప్పుడు చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నారు, పైగుండీ ఒక్కటి మాత్రం అమ్మ పెడుతుంది.