టిక్కీ మారిస్తే కాయ కొత్తదవుతుందా? లైనక్స్‌లో పాత బ్రౌజరు, బ్యాంకు పని

మా బాబాయికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. మార్చి నెల, యార్డు నిండా టిక్కీలు (మిర్చి బస్తాలు), అడుగు పెడితే తుమ్ములు. ఆ సాయంత్రం పదకొండు మంది రైతులకు డబ్బు పంపాలి. నెట్‌బ్యాంకింగ్ తెరిస్తే "మీ బ్రౌజరు పాతది, కొత్తది వాడండి" అని ఒక్క ముక్క, దాని కింద మూడు బ్రౌజర్ల బొమ్మలు. లాగిన్ అవడానికి దారే లేదు. బ్రాడీపేటలో ఇంట్లో ఉన్న నాకు ఫోను.

"ఒరేయ్ అబ్బాయ్, నువ్వెక్కించిన లైనక్సు నా కొంప ముంచిందిరా. విండోస్ ఉంటే ఈ గోల ఉండేదా?"

ఉండేది బాబాయ్. నేను తీసేసిన ఆ విండోస్ 7 అలాగే ఉండి ఉంటే క్రోమ్ 109వ వెర్షన్ దగ్గర, అంటే 2023 మొదట్లోనే ఆగిపోయేది. ఇక్కడ వచ్చిన చిక్కు లైనక్స్‌తో కాదు, వయసుతో. ఆ ల్యాప్‌టాప్‌లో 2018లో నేనే ఉబుంటు 18.04 (లైనక్స్‌లో ఒక రకం) వేశాను. దానికి మామూలు మద్దతు 2023 మే నెలాఖరుతో అయిపోయింది. ఆ సిస్టమ్‌తో వచ్చిన ఫైర్‌ఫాక్స్ కూడా 113 దగ్గర నిలబడిపోయింది. లైనక్స్‌లో బ్రౌజరు చాలామందికి సిస్టమ్ గోదాములోంచే వస్తుంది. గోదాము మూసేస్తే సరుకూ ఆగుతుంది. ఆగిన సంగతి మాత్రం ఎవరూ వచ్చి చెప్పరు. రోజూ పేపరు చదువుతూ, యూట్యూబ్ చూస్తూ ఉంటే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. చివరికి బ్యాంకే చెబుతుంది, అదీ సీజన్ మధ్యలో.

దారులు ఏమేం ఉన్నాయో చూసేముందు ఒక తేడా పట్టుకోవాలి. బ్యాంకు సైటు పాత బ్రౌజరుని రెండు రకాలుగా ఆపుతుంది. ఒకటి, పేరు అడిగి ఆపడం. బ్రౌజరు తన పేరు, వెర్షన్ నంబరు ప్రతి సైటుకీ చెబుతుంది. ఆ నంబరు చూసి గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. బాబాయికి జరిగింది ఇదే. రెండోది, గేటు తీసినా లోపల నడవలేకపోవడం. సైటు కొత్త జావాస్క్రిప్ట్‌లో రాసి ఉంటే పాత బ్రౌజరుకి అది అర్థం కాదు. పేజీ తెల్లగా మిగిలిపోతుంది, లేదా బటన్ నొక్కినా ఉలకదు, పలకదు. ఇంకా పాతదైతే అసలు సంభాషణే మొదలవదు. టీఎల్‌ఎస్ 1.0, 1.1 అనే పాత రహస్య భాషలను పెద్ద బ్రౌజర్లన్నీ 2020లో వదిలేశాయి. 2008లో వచ్చిన 1.2 గానీ, 2018లో వచ్చిన 1.3 గానీ తెలియకపోతే ఈ రోజు ఏ బ్యాంకు సర్వరుతోనూ మాట కలవదు. ఫైర్‌ఫాక్స్ 1.2ని మామూలుగా వాడటం మొదలుపెట్టింది 2014లో, 27వ వెర్షన్ నుంచి. అంతకంటే పాతది ఎవరి దగ్గరైనా ఉంటే ఈ వ్యాసం వాళ్ళకి అనవసరం. ఆ పెట్టెని అటక ఎక్కించండి.

అందరికీ మొదట తట్టేది పేరు మార్చే చిట్కా. యూజర్ ఏజెంట్ స్విచర్ అని ఒక యాడ్-ఆన్ ఉంటుంది. 113 అయినా సరే, సైటుకి మాత్రం సరికొత్త క్రోమ్ అని చెబుతుంది. నాకూ తొందరలో అదే తట్టింది, దాచుకోను. ఫోనులోనే బాబాయి చేత ఎక్కించబోయాను. యాడ్-ఆన్ ఎక్కలేదు. ఎంతసేపు చూసినా కారణం అర్థం కాలేదు, తర్వాత తెలిసింది. ఫైర్‌ఫాక్స్ లోపల ఉండే ఒక మూల సర్టిఫికెట్ (యాడ్-ఆన్ నమ్మదగ్గదో కాదో తేల్చే గుర్తు) గడువు 2025 మార్చి 14న తీరిపోయింది. 128 కంటే పాత వెర్షన్లలో, అప్పటికి సరిచేసిన 115 ఈఎస్‌ఆర్ (ఎక్కువ కాలం మద్దతు ఉండే వెర్షన్) తప్ప, ఆ రోజు నుంచి యాడ్-ఆన్లు సరిగా పనిచేయవు. అంటే పాతదనాన్ని దాచే పరికరం కూడా పాతదనం వల్లే పడుకుంది.

లోపలి సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చేత్తో పేరు మార్చే దారి ఇంకొకటి ఉంది. అది పనిచేస్తుంది కూడా. కానీ చేయించలేదు. బాబాయికి అర్థమయ్యే మాటల్లోనే చెప్పాను: "నిరుడు ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టిన సరుకుని కొత్త టిక్కీలోకి మార్చి యార్డుకి తెస్తే, కాయ కొత్తదవుతుందా?" అవతల ఒక్క క్షణం మౌనం. "కాయ పగలదీసి చూస్తే దొరికిపోతాం," అన్నాడు. అంతే. బ్రౌజరులో దాదాపు మూడేళ్ళుగా పూడ్చని కన్నాలు పేరు మార్చినంత మాత్రాన పూడవు. పైగా ఆ కన్నాల మీదుగా పోయేది రైతుల డబ్బు. పాత స్టేట్‌మెంట్ ఒకటి చూసుకోవడానికైనా నేను ఈ దారి సిఫారసు చేయను, ఎందుకంటే అక్కడ కొట్టేది కూడా అదే పాస్‌వర్డు.

రెండో దారి ఫోను. నలుగురికి పాతిక వేలు పంపేవాళ్ళకి ఇది చాలు, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. బాబాయికి చాలదు. యూపీఐలో మామూలుగా రోజుకి లక్ష రూపాయలే హద్దు. తక్‌పట్టీల (రైతుకి ఇచ్చే అమ్మకపు చీటీల) లెక్కంతా షీటులో ఉంటుంది, దాన్ని ఒకేసారి ఫైలుగా ఎక్కిస్తే పదకొండు చెల్లింపులూ వరుసకి వస్తాయి. కరెంటు ఖాతాలో ఒకరు తయారుచేసి ఇంకొకరు ఆమోదించే పద్ధతి ఆయనది. తయారుచేసేది గుమస్తా, ఆమోదించేది బాబాయి. ఆ ఫైలు పని ఫోను యాప్‌లో లేదు. బ్యాంకుకే వెళ్ళి ఆర్టీజీఎస్ చేయొచ్చుగా అంటారా? రెండు నుంచి ఐదు లక్షల దాకా ఒక్కో దానికి 24 రూపాయల 50 పైసలు, పైన జీఎస్‌టీ. ఇది బ్యాంకు తీసుకోగలిగిన గరిష్ఠం, అదేమంత పెద్ద ఖర్చు కాదు. క్యూలో నిలబడ్డ సమయమే ఖర్చు. పైగా 2020 డిసెంబరు నుంచి ఆర్టీజీఎస్ ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది. రాత్రి తొమ్మిదింటికి డబ్బు పడే అవకాశం ఉండగా రైతుని "రేపు పది తర్వాత రా" అనడం బాబాయికి నచ్చదు.

ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళడం, పక్క కొట్టు కంప్యూటరులో లాగిన్ అవడం: వద్దు. దీని గురించి రెండో వాక్యం అక్కర్లేదు.

ఇక అసలు పోటీ మూడింటి మధ్య. సిస్టమ్ పాతదే ఉంచి కొత్త బ్రౌజరు తెచ్చుకోవడం, పెన్‌డ్రైవ్ నుంచి కొత్త లైనక్స్ నడపడం, సిస్టమ్‌నే మార్చేయడం.

మొదటిది చాలామందికి తెలియదు, అదే నాకు ఆశ్చర్యం. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సైటులో లైనక్స్ 64 బిట్ అని ఒక కట్ట దొరుకుతుంది. దించుకుని హోమ్ ఫోల్డరులో విప్పి, లోపలున్న ఫైర్‌ఫాక్స్ ఫైలు నొక్కితే చాలు. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, అడ్మిన్ పాస్‌వర్డు అక్కర్లేదు. దానికి కావలసింది సిస్టమ్ లోపలి భాగాలైన గ్లిబ్‌సీ 2.17, జీటీకే 3.14 లేదా అంతకు పైవి. 18.04 అంటారా, 2016 నాటి ఉబుంటు 16.04లో కూడా అవి ఉన్నాయి. 14.04 మాత్రం జీటీకే దగ్గర తప్పిపోతుంది. మన ఫోల్డరులోనే ఉంటుంది కాబట్టి తనంతట తానే అప్‌డేట్ అవుతుంది, మూసేసిన గోదాముతో పని లేదు. బాబాయి చేత ఆ రోజు చేయించింది ఇదే. దించడానికి, విప్పడానికి పావుగంట. రాత్రి ఎనిమిదిన్నరకి పదకొండు చెల్లింపులూ వెళ్ళిపోయాయి.

చిన్న చిక్కులు లేకపోలేదు. ఫైర్‌ఫాక్స్ 67 నుంచి ఒక్కో ప్రతికీ వేరే ప్రొఫైల్ పెట్టుకుంటుంది. అందుకని కొత్తదాంట్లో పాత బుక్‌మార్కులు కనిపించవు. బాబాయి కంగారు పడ్డాడు గానీ, నా దృష్టిలో అది మేలే. రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో బ్యాంకులన్నీ 2025 అక్టోబరు నెలాఖరుకల్లా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాలకి మారాల్సి వచ్చింది. ఏళ్ళ నాటి బుక్‌మార్కు నొక్కే బదులు కొత్త చిరునామా ఒకసారి చేత్తో కొట్టి దాచుకోవడం మంచిది. రెండో చిక్కు నా తప్పు. పాత ఐకాన్ అక్కడే వదిలేశాను. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఫోను: "అబ్బాయ్, మళ్ళీ పాతదంటోంది!" అలవాటు కొద్దీ వేలు పాతదాని మీదికే పోయింది.

కొత్త ఫైర్‌ఫాక్స్‌తోనూ ఏదైనా బ్యాంకు పేజీ మొరాయిస్తే క్రోమ్ పెట్టుకోవచ్చు. చాలా సైట్లను ముందు క్రోమ్‌లోనే పరీక్షిస్తారు, ఇష్టం ఉన్నా లేకపోయినా. దానికి కనీసం ఉబుంటు 18.04, అదీ 64 బిట్, ఉండాలి. అంటే బాబాయి సిస్టమ్ సరిగ్గా గడప మీద నిలబడి ఉంది. అందుకే నా ఓటు ఫైర్‌ఫాక్స్ కట్టకే. డిజిటల్ సంతకం టోకెన్ గుచ్చి ఆమోదించేవాళ్ళు మాత్రం ఏ బ్రౌజరైనా మార్చేముందు, ఆ టోకెన్ డ్రైవరుతో అది కలుస్తుందో లేదో చూసుకోవాలి.

పెన్‌డ్రైవ్ దారికి అభిమానులు ఎక్కువ. నేనూ ఒకప్పుడు ఆ జట్టే. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ మింట్ (లైనక్స్‌లో ఇంకో రకం) ఎక్కించి, దాంతోనే కంప్యూటర్ లేపి, బ్యాంకు పని చూసుకుని ఆపేస్తే వెనక ఏమీ మిగలదు. నెలకోసారి ఫిక్స్‌డ్ డిపాజిట్ చూసుకునేవాళ్ళకి ఇది చక్కని పద్ధతి. రోజూ వాడేవాళ్ళకి నరకం. ప్రతిసారీ మొదటి నుంచి: వైఫై పాస్‌వర్డు, చిరునామా, దించుకున్న రసీదుని ఇంకెక్కడో దాచడం. ఇంకో మాట. పెన్‌డ్రైవ్‌లో బ్రౌజరు అది రాసిన రోజు నాటిదే. ఏడాది తర్వాత అదీ పాతదే అవుతుంది, మళ్ళీ రాసుకోవాలి.

సిస్టమ్ మార్చడం అసలైన మందు. 18.04 నుంచి 24.04కి ఒక్క గెంతులో పోలేం. 20.04, 22.04 మెట్లు ఎక్కాలి. ఆ 20.04కి కూడా 2025 మేలో మామూలు మద్దతు ముగిసింది. ఎనిమిదేళ్ళ చెత్తతో ఆ మెట్లన్నీ ఎక్కించే కన్నా, ఫైళ్ళు బయటికి తీసి కొత్తగా వేసుకోవడం మేలు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కి మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ (మింట్‌లో తేలికైన రకం) సరిపోతుంది, 2029 దాకా మద్దతు ఉంది. అయినా మార్చిలో నేను దాని జోలికి పోలేదు. తక్‌పట్టీలు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కొత్త సిస్టమ్‌లో మొదటి రోజే మాట వింటుందన్న నమ్మకం నాకు లేదు. సీజన్‌లో ఒక్క పూట ప్రింటరు ఆగినా బాబాయి నన్ను యార్డులో కాటా ఎక్కిస్తాడు. ఈలోగా ఉబుంటు ప్రో పెట్టాను. సొంత వాడకానికి ఐదు యంత్రాల దాకా ఉచితం, 18.04 లోపలి భాగాలకి 2028 ఏప్రిల్ వరకు భద్రతా మరమ్మతులు అందుతాయి. కొత్త బ్రౌజరు, ప్రో కలిపితే వేసవి దాటేదాకా గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చు.

ఈ మాటలన్నీ 64 బిట్ యంత్రాలకే. విజయవాడ సత్యనారాయణపురంలో మా పెద్దమ్మ దగ్గర ఒక చిన్న నెట్‌బుక్ ఉంది. పెన్షను పడిందో లేదో దాంట్లోనే చూసుకుంటుంది. నెల తర్వాత ఆవిడకీ ఇదే కబురు వచ్చింది. వెళ్ళి చూస్తే లోపల ఆటమ్ ఎన్270 ప్రాసెసరు, 1 జీబీ ర్యామ్. అది 32 బిట్ తప్ప ఎరగదు. (కొన్ని పాత యంత్రాల్లో సిస్టమ్ 32 అయినా ప్రాసెసరు 64 అయి ఉంటుంది. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ కొడితే తెలిసిపోతుంది, చూడకుండా ఆశ వదులుకోవద్దు.) 32 బిట్ లైనక్స్‌కి క్రోమ్ 2016లోనే చెల్లు చెప్పింది. ఫైర్‌ఫాక్స్ 144తో ఆపేసింది, 140 ఈఎస్‌ఆర్ ఒక్కటి 2026 సెప్టెంబరు వరకు లాగుతుంది. డెబియన్ అనే మరో లైనక్స్ 13వ వెర్షన్‌లో 32 బిట్ ఇన్‌స్టాలరే లేదు. పెన్‌డ్రైవ్ మీది మింట్ 64 బిట్ కాబట్టి అదీ లేవదు. డెబియన్ 12 వేసి ఈఎస్‌ఆర్‌తో కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు గానీ, 1 జీబీ ర్యామ్‌లో బ్యాంకు పేజీ తెరుచుకునేలోపు కాఫీ కాచుకుని తాగొచ్చు. ఆవిడ దగ్గర మంచి ఫోను ఉంది. అందులో బ్యాంకు యాప్ పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చాను.

"మరి దీన్నేం చేయనురా నాన్నా?" అంది నెట్‌బుక్ చూపించి. పాటలు వినడానికి ఉంచుకోమన్నాను. బాబాయి ల్యాప్‌టాప్‌కి మాత్రం యార్డుకి ఎండాకాలం సెలవులు ఇచ్చాక ముహూర్తం పెట్టాం. ప్రింటరు కూడా ఇంటికే తెమ్మన్నాను.