వాడిన ఆకా, లోపంలేని మొక్కా: రెండు పాత మూలికా గ్రంథాల బొమ్మలలో ఏది మేలు?

చెక్కదిమ్మెపై గీతలను మాత్రమే నిలిపి తక్కిన భాగాన్ని చెక్కివేస్తే, ఆ దిమ్మెను సీసపు అక్షరాల పక్కనే బిగించి, బొమ్మనూ పాఠాన్నీ ఒకే ఒత్తుతో అచ్చువేయవచ్చు. ఐరోపాలో తొలి అచ్చు మూలికా గ్రంథాలు చెక్కబొమ్మలను ఆశ్రయించడానికి ఈ సౌలభ్యం ఒక ముఖ్య కారణం. అయితే పాత బొమ్మలనే చూసి మళ్లీ మళ్లీ చెక్కడం వల్ల, మొక్కను పోల్చుకోలేనంతగా రూపాలు చెడిపోయాయి. ఆ అలవాటును విడిచి, ఎదుట ఉన్న మొక్కను చూసి గీయించిన వాటిలో రెండు గ్రంథాలు ప్రధానమైనవి: 1530లో స్ట్రాస్‌బర్గ్‌లో వెలువడనారంభించిన జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఓటో బ్రున్‌ఫెల్స్ గ్రంథం, 1542లో బాసెల్‌లో అచ్చయిన జర్మన్ వైద్యుడు లియోన్‌హార్ట్ ఫుక్స్ గ్రంథం.

బ్రున్‌ఫెల్స్ పాఠం చాలావరకు ప్రాచీన గ్రీకు, రోమన్ రచయితల మాటల కూర్పే. దాని విలువంతా హాన్స్ వైడిట్స్ బొమ్మలలో ఉంది. ఆకు వాడితే వాడినట్టు, పురుగు తింటే తిన్నట్టు, కాడ విరిగితే విరిగినట్టు ఆయన గీశాడు. ఆ బొమ్మలకు మూలమైన నీటిరంగు చిత్రాలు కొన్ని, బాసెల్ వైద్యుడు ఫెలిక్స్ ప్లాటర్ సేకరించిన ఎండుమొక్కల సంపుటాలలో, నాలుగు శతాబ్దాల తరువాత బెర్న్‌లో బయటపడ్డాయి. వసంతంలో ఊదా పూలు పూసే పల్సటిల్లా అనే అడవి మొక్కకు ప్రాచీన గ్రంథాలలో పేరు దొరకనందున, బ్రున్‌ఫెల్స్ దానిని ‘నగ్న మూలికల’ కోవలో చేర్చాడు. ఆయన అయిష్టంగా చోటిచ్చిన ఆ మొక్క బొమ్మే, నా దృష్టిలో, ఆ గ్రంథానికంతటికీ తలమానికం.

ఫుక్స్ పద్ధతి దీనికి భిన్నం. ఆయన గ్రంథంలోని 500కు పైబడిన బొమ్మలలో కనిపించేది పొలంగట్టున దొరికిన ఏదో ఒక మొక్క కాదు. ఆ జాతికంతటికీ ప్రతినిధిగా నిలిచే, లోపమెరుగని మొక్క. మొగ్గ, పువ్వు, కాయ వేర్వేరు కాలాలలో వచ్చేవైనా, అవసరమైన చోట వాటిని ఒకే మొక్కపై చూపించాడు. నీడల పేరిట చిత్రకారుడు తన నేర్పును ప్రదర్శిస్తే సహజరూపం మరుగున పడుతుందని భావించి, గీతలతోనే సరిపెట్టించాడు. గీసిన ఆల్‌బ్రెక్ట్ మేయర్, దిమ్మెపైకి ఎక్కించిన హైన్రిక్ ఫుల్‌మౌరర్, చెక్కిన ఫైట్ రుడోల్ఫ్ స్పెక్లే, ఈ ముగ్గురి రూపచిత్రాలనూ గ్రంథం చివర అచ్చువేయించడం ఆ కాలానికి అరుదైన గౌరవం.

1560లలో ఇటలీ వైద్యుడు పియెత్రో మత్తియోలి మూలికా గ్రంథం కోసం చెక్కిన పెద్ద బొమ్మలను కూడా ఈ పోలికలోకి తేవచ్చు గానీ, నీడల గీతలు కిక్కిరిసిన ఆ బొమ్మలు మొక్కను చూపడానికన్నా పుటను నింపడానికే ఎక్కువ ఉపకరించాయని నాకు అనిపిస్తుంది.

మూలికను వెదుకుతూ అడవికి వెళ్లేవాడి చేతిలో ఉండవలసింది ఫుక్స్ గ్రంథమే. ఏ నెలలో వెళ్లినా, అప్పటికి మొక్కపై ఉన్న భాగం ఆ బొమ్మలో ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. వైడిట్స్ బొమ్మ మాత్రం ఒక్క మొక్క ఒక్కనాటి స్థితికే సాక్ష్యం. అయితే ఫుక్స్ పద్ధతిలోనూ ఒక చిక్కు ఉంది. రంగులద్దిన ప్రతులలో లామియం అనే అడవి మొక్క ఒక్కటే తెలుపు, పసుపు, ఊదా పూలను మోస్తుంది. నేటి వృక్షశాస్త్రం ఆ పూలను వేర్వేరు జాతులవిగా పరిగణిస్తుంది. అటువంటి మొక్క కోసం ఎన్ని అడవులు గాలించినా ఫలితం ఉండదు. వైడిట్స్ గీసిన పురుగు తిన్న మొక్క మాత్రం ఒకనాడు నిజంగా నేలపై పెరిగినదే.