కుదింపా, పాక్షిక మార్పా?

హనుమకొండలో ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మళ్లీ మళ్లీ మార్చుకోగల చిప్) ప్రాజెక్టులు చేసే విద్యార్థులు నన్ను తరచూ అడుగుతారు: చిప్‌ను త్వరగా మార్చాలంటే బిట్‌స్ట్రీమ్‌ను (ఆ సర్క్యూట్‌ను నిర్దేశించే డేటాను) కుదించాలా, పాక్షిక రీకాన్ఫిగరేషన్ (చిప్‌లో కొంత భాగాన్నే మార్చడం) చేయాలా?

కుదింపు సులువు. వివాడో అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క సెట్టింగ్ చాలు, ఒకేలా ఉన్న ఫ్రేముల (బిట్‌స్ట్రీమ్‌లోని చిన్న ముక్కల) డేటా ఒక్కసారే వెళుతుంది. చిప్ నిండేకొద్దీ ఆ లాభం తరిగిపోతుంది.

నా ఓటు పాక్షిక పద్ధతికే. మారే భాగానికి ముందే హద్దులు గీయాలి, అది ఓపిక పట్టే పని. కానీ మిగతా సర్క్యూట్ ఆగకుండా నడుస్తుంది! ఆర్టిక్స్-7 35టీ అనే ఎఫ్‌పీజీఏ పూర్తి బిట్‌స్ట్రీమ్ సుమారు 2.2 మెగాబైట్లు, 33 మెగాహెర్ట్జ్ వద్ద ఒకే డేటా తీగ ఉన్న ఎస్‌పీఐతో (ఫ్లాష్ మెమరీ నుంచి చిప్‌కు డేటా తెచ్చే లింకు) పంపితే అర సెకను దాటుతుంది. అందులో పదో వంతును 32 బిట్ల ఐక్యాప్‌తో (చిప్ తనను తానే లోపలి నుంచి మార్చుకునే ద్వారం) 100 మెగాహెర్ట్జ్ వద్ద పంపితే అర మిల్లీసెకను పైచిలుకు. అయితే ఆ డేటా ముందే వేగవంతమైన మెమరీలో ఉండాలి. ఫ్లాష్ నుంచి అప్పటికప్పుడు తెస్తే ఐక్యాప్ ఖాళీగా ఎదురుచూస్తుంది.

కరెంటు వచ్చినప్పుడు ఒక్కసారి లోడ్ చేస్తే చాలనుకునే బోర్డుకు మాత్రం కుదింపే చాలు.