చామంతి అయిపోయాక ఆ కుండీలో ఏది మేలు: గుండుమల్లెనా, టేబుల్ రోజానా?

శివరాత్రి దాటిందంటే తిరుపతి ఇళ్ళలో చామంతి పని అయిపోయినట్టే. పగటిపొద్దు పెరిగేకొద్దీ అది మొగ్గ తొడగడం మానేస్తుంది, ఎంత ఎరువేసినా లాభం లేదు. అప్పట్నుంచి అందరూ అడిగేది ఒకటే: "ఆ కుండీల్లో ఇప్పుడేం పెట్టమంటారు?" అడిగేవాళ్ళ మనసులో ముందే రెండుంటాయి. ఒకటి గుండుమల్లె. రెండోది, కొన్ని చోట్ల నాచుపూలనే మన టేబుల్ రోజా.

అందం, వాసన, ధర తర్వాత చూద్దాం. నేను ముందు అడిగేది, మే నెలలో నీళ్ళు ఎవరు పోస్తారని. మన ఊళ్ళో ఆ నెల 40 డిగ్రీలు మామూలే. పొద్దుగూకినా డాబా వేడి దిగదు. ఆ సిమెంటు మీద నేరుగా పెట్టిన నల్ల ప్లాస్టిక్ కుండీలో వేరు ఉడికిపోతుంది. ఆకు వాడిపోవడం మనకు ఆ తర్వాతే కనబడుతుంది. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి గాలి ఆడనిస్తే కొంత నయం. అయినా చిన్న కుండీలో మట్టి ఎంత, అది పట్టుకునే తడి ఎంత?

ఈ లెక్కలో టేబుల్ రోజాకు తిరుగులేదు. ఆకులోనూ కాడలోనూ నీళ్ళు దాచుకునే మొక్క కాబట్టి రెండు రోజులు మరిచిపోయినా ఏమీ అనదు. కుళాయి రోజు మార్చి రోజు వచ్చే వీధిలోనూ టెన్షన్ లేదు. వేలెడు కొమ్మ తుంచి గుచ్చితే నాటుకుంటుంది, ఎదురింటివాళ్ళను అడిగితే కాదనరు. మట్టిలో బాగా ఇసుక కలపండి. దీన్ని చంపేది ఎండ కాదు, కుండీలో నిలిచిన నీళ్ళే. లోపమల్లా, పొద్దున ఎండకు విచ్చిన పువ్వు మధ్యాహ్నం దాటగానే ముడుచుకుంటుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేవాళ్ళకు మిగిలేది ఆకులే. వాసనా లేదు, జడలో పెట్టుకునేదీ కాదు.

మల్లె అలా కాదు, గారాబం అడుగుతుంది. మొగ్గ మీదున్నప్పుడు మట్టి బాగా ఎండిపోతే మొగ్గలు విచ్చకుండానే రాలిపోతాయి. కుండీ 16 అంగుళాలకు తగ్గకూడదు. పూత వచ్చేది కొత్త చిగురు మీద. పాత మొక్క ఉంటే సంక్రాంతి లోపే నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి ఉండాలి. ఇప్పుడు నర్సరీలో కొంటుంటే మొగ్గలు చూసి మురిసిపోకండి, వేరు చుట్టూ ఉన్న మట్టి చూడండి. కడియం వైపు నుంచి వచ్చే మొక్కలకు చాలాసార్లు బంకమట్టి ముద్ద ఉంటుంది. అలాగే పాతితే పైనుంచి పోసిన నీళ్ళు ముద్ద పక్కనుంచి జారిపోతాయి, లోపల వేరు ఎండుతూనే ఉంటుంది. కాసేపు నీళ్ళలో నానబెట్టి, అంచుల మట్టి వేళ్ళతో మెల్లగా వదులు చేసి నాటాలి. మొగ్గలు ఊదారంగుకు తిరిగితే లోపల పురుగున్నట్టు. వాటిని తుంచేసి, సాయంత్రం పూట వేపనూనె కొట్టండి.

ఇంత చాకిరీ ఉన్నా, ఇంటి ముందు కుళాయి పక్కన మూరెడు నేలుంటే నేను మల్లెకే ఓటేస్తాను. నేలలో వేరు లోతుకు పోతుంది, రోజూ బిందె మోయక్కర్లేదు. గంగమ్మ జాతర రోజుల్లో మూర మల్లెలు ఎంతో అడిగి వచ్చాక ఆ చాకిరీ కూడా పెద్దగా అనిపించదు. నేల లేక డాబాయే దిక్కయితే, సెలవులకు ఇల్లు తాళం వేసి వెళ్ళేవాళ్ళయితే, మారుమాట లేకుండా టేబుల్ రోజా.

ఈ రెండూ కాక వేరేవి అడిగేవాళ్ళకు: జీనియా విత్తితే రెండు నెలల్లో పూస్తుంది, చివర్లో ఆకుకు బూడిద తెగులు పడుతుంది. కనకాంబరం కొంచెం నీడ ఉన్న చోటికి బాగుంటుంది. కాగితం పూలకు ఎండ ఒక లెక్క కాదు గానీ, పిల్లలు తిరిగే ఇంట్లో ఆ ముళ్ళెందుకు?

కుండీలు ఖాళీ కావాలని చామంతి దుబ్బులు మాత్రం పారేయకండి. నాలుగు వేళ్ళ ఎత్తుకు కత్తిరించి, నాలుగైదు దుబ్బులు ఒకే తొట్టిలోకి మార్చి, మధ్యాహ్నం ఎండ తగలని గోడ వారన ఉంచండి. తడి ఆరకుండా కొద్దికొద్దిగా నీళ్ళు చాలు. తొలకరి పడ్డాక పిలకలు విడదీసి నాటుకోవచ్చు.