లాక్టులోజ్ సిరప్: రెండు రోజులు ఆగగలిగిన వాళ్లకే

మోకాలి ఆపరేషన్ అయ్యాక నొప్పి మాత్రలు మింగీ మింగీ మలబద్ధకం పట్టుకుని, ఐదో రోజుకి మోకాలి సంగతే మర్చిపోయాను. అన్నం ముందు కూర్చుంటే భయం, పొద్దున లేస్తే భయం. మా ఆవిడ ఆముదం తాగమంది. చిన్నప్పుడు పాకాల దగ్గర మా ఊళ్లో ఏడాదికోసారి మా అవ్వ ముక్కు మూసి ఆముదం పోసేది. ఆ రోజంతా చెంబు పట్టుకుని చేనుకీ ఇంటికీ తిరగడమే పని. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసేవాడికి ఆ వైద్యం ఎక్కడ కుదురుతుంది? డాక్టరుకి ఫోన్ చేస్తే, రాత్రి భోజనమయ్యాక 15 మి.లీ. లాక్టులోజ్ వేసుకోమన్నారు. నాకు షుగర్ ఉందని గుర్తు చేస్తే, ఇందులో చాలావరకు రక్తంలోకి వెళ్లదు, కానీ కొద్దిగా వేరే చక్కెరలు కూడా ఉంటాయి కాబట్టి షుగర్ చూసుకుంటూ ఉండమని చెప్పారు.

తిరుపతిలో మా వీధి చివర మందుల షాపు అబ్బాయి సీసా చేతిలో పెట్టి, "రాత్రికి వేస్కోండి సార్, పొద్దునకంతా క్లియర్" అన్నాడు. నా కష్టాలకి మొదలు ఆ మాటే. పొద్దున ఏమీ కాలేదు. మందు పనిచేయలేదనుకుని ఇంకో 15, మధ్యాహ్నం ఇంకో 15 వేశాను. సాయంత్రానికి పొట్ట తప్పెటలాగా ఉబ్బింది. లోపల ఒకటే గుడగుడ. పలకరించడానికి వచ్చిన చుట్టాల ముందు కూర్చోలేక, నిద్ర వస్తోందని గోడవైపు తిరిగి పడుకున్నాను. మూడో రోజు మాత్రం ఆముదం రోజే మళ్లీ వచ్చింది. వాకర్‌తో ఐదుసార్లు!

మా కోడలు పద్మావతి మహిళా యూనివర్సిటీలో బీఫార్మసీ చదివింది. విషయం తెలిసి నవ్వు ఆపుకుంటూ, "మామా, దీనికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పైనుంచి పోసేకొద్దీ గ్యాసే" అంది. ఆ తర్వాత ఆమె చెప్పింది విని నేను నోరు తెరిచాను. ఈ మందు పుట్టేది పాల నుంచట!

పాల శీతలీకరణ కేంద్రంలో 27 ఏళ్లు పనిచేసినవాణ్ణి. ఫ్యాట్ ఎంత, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు) ఎంత అని రోజూ రాసిన చెయ్యి ఇది. ఆ ఎస్ఎన్ఎఫ్‌లో పెద్ద వాటా పాలచక్కెరదే, అంటే లాక్టోజ్‌ది. చీజ్ తీసేశాక మిగిలే పచ్చటి నీళ్లలోంచి ఆ చక్కెరను వేరు చేస్తారు. దాన్ని నీళ్లలో కరిగించి, క్షారం కలిపి వేడి చేస్తే, జంటగా ఉన్న గెలాక్టోజ్, గ్లూకోజ్‌లలో గ్లూకోజ్ కాస్తా ఫ్రక్టోజ్‌గా మారుతుంది. అదే లాక్టులోజ్. చక్కెర మొత్తం మారదు కాబట్టి మిగిలిన లాక్టోజ్‌ను చాలావరకు తీసేసి, శుద్ధి చేసి, చిక్కబరుస్తారు. పచ్చిపాలలో ఇది ఉండదు, బాగా కాగితే కొంచెం పుడుతుంది. అందుకే పాలను ఎంత వేడి మీద కాచారో తెలుసుకోవడానికి ల్యాబుల్లో లాక్టులోజ్ కొలుస్తారట. ఇన్నేళ్లు లాక్టోమీటరు ముంచాను, ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

ఈ కొత్త జంటను విడగొట్టే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. అందుకని అరక్కుండా పెద్దపేగుకి చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని తిని పులియబెడతాయి, పాలు తోడుకున్నట్టే. ఆ పులుపు నీళ్లను లాగి మలాన్ని మెత్తబరుస్తుంది. గ్యాస్ కూడా ఆ పులియడంలో వచ్చేదే. మంచి బ్యాక్టీరియాను పెంచుతుందని 1957లోనే గుర్తించారట, పసిపిల్లల పాలపొడుల్లో కూడా వాడారట.

చిత్తూరులో మా బావమరిదికి లివర్ జబ్బు. అతనికి ఇదే సిరప్ 30 మి.లీ. చొప్పున రోజుకి మూడుసార్లు రాశారు. నేను ఒక్కరోజు 45కే అల్లాడితే అతనికి రోజూ 90! అక్కడ పని వేరు. దెబ్బతిన్న లివర్ ఒంట్లో పుట్టే అమోనియా అనే విషాన్ని వదిలించలేక అది మెదడు మీద పడుతుంది. పేగులో పులుపు పెరిగితే అమోనియా రక్తంలోకి తిరిగి పోలేని రూపంలోకి మారి మలంతో వెళ్లిపోతుంది. 1966 నుంచి దీన్ని ఇందుకు వాడుతున్నారు. రోజుకి రెండు మూడు మెత్తటి విరేచనాలు అయ్యేలా డోసు సర్దుతారు. ఇంట్లోవాళ్లకి ఇది ఎవరూ విడమరిచి చెప్పలేదు. "మోషన్ బాగానే అవుతోంది కదా, ఇంకెందుకు" అని ఆపేశారు. నాలుగు రోజుల్లో మనిషి పగలు నిద్ర, రాత్రి మెలకువ. నేను చూడ్డానికి వెళ్తే "బావా, బస్సు ఎప్పుడొచ్చింది?" అని మూడుసార్లు అడిగాడు. నేను వెళ్లింది స్కూటర్ మీద, మా వాడి వెనక కూర్చుని. ఆస్పత్రిలో చేర్చి మళ్లీ మొదలుపెట్టాక తేరుకున్నాడు.

ఇక సీసా గురించి. రుచి పల్చటి బెల్లం పాకంలా ఉంటుంది, వాసన లేదు, గ్లాసు నీళ్లలో కలుపుకుంటే హాయిగా దిగుతుంది. నీళ్లు మాత్రం రోజంతా బాగా తాగాలి. ధర ఇసబ్గోల్ కంటే ఎక్కువే. మూతే పెద్ద తలనొప్పి. ఒక్క చుక్క కారినా మర్నాటికి అంచున చక్కెర గడ్డకట్టి బిగుసుకుపోతుంది. రెండుసార్లు పట్టకారుతో తిప్పాను. కొలత మూత మీద గీతలు ప్లాస్టిక్‌లోనే పొడుచుకొచ్చి ఉంటాయి, రంగు లేదు. రాత్రి ట్యూబ్‌లైట్ కింద 10 ఏదో 15 ఏదో నా కళ్లకి కనిపించక, పెన్నుతో గీత గీసుకున్నాను.

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను, తగ్గించిన ఒకటీ మూతకి. నొప్పి మాత్రలు ఆపేశాక, డాక్టరునడిగి 10కి దిగాను. మా ఆవిడ చీమల బాధ పడలేక సీసాను నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టింది, పక్కనే తేనె సీసా.